పిండి, నీళ్ళు, ఇంకేం లేదు

3వ తేదీ, మంగళవారం

మా పిల్ల నన్ను పనిలోకి రమ్మంది!

ఈ మాట రాసుకోవడానికే ఇవాళ ఈ పుస్తకం కుట్టుకున్నాను. నలభై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నిటికీ కుట్లు వేసి అట్టలు అంటించినవాణ్ణి, నాకంటూ ఒక్కటి కుట్టుకోలేదు. ఐదో తరగతితో ఆగిపోయినవాడికి రాసుకునేంత సంగతి ఏముంటుంది? ఇప్పుడుంది. నా కూతురు మిల్లు ఓనరు. ఓనరు! బోర్డు మీద చూసినప్పుడల్లా నాకు ఈల వేయాలనిపిస్తుంది. ఈల రాదు కాబట్టి ఊరుకుంటున్నాను.

ఆ మిల్లులో చెత్తే సరుకు. రంపపు పొట్టు, మొక్కజొన్న కండెలు, తోటల్లో కొట్టేసిన కొమ్మలు తెచ్చి పిండి పట్టి, ఆరబెట్టి, చిల్లులున్న ఇనప పళ్ళెంలోంచి నొక్కుతారు. చిటికెన వేలంత గుళికలు వస్తాయి. పొయ్యిలో బొగ్గు బదులు వాడతారు. రావడం బాగానే వస్తున్నాయి గానీ సంచీలో పోసేసరికి సగం పొడి అయిపోతున్నాయి. పట్టు నిలవడం లేదు.

"నాన్నా, దీనికి బంక కావాలి. నీకు తెలిసినంత బంక ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు?" అంది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, "అలా నవ్వుతూ వీధిలో నడిచి రాకండి, ఎవరైనా పట్టుకెళ్ళి ఆస్పత్రిలో పడేస్తారు," అంది. లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను.

4వ తేదీ, బుధవారం

వండాను. డ్రమ్ములో నీళ్ళు మరిగించి, చన్నీళ్ళలో కలిపిన మైదా సన్నధారగా పోస్తూ తెడ్డుతో తిప్పుతూనే ఉన్నాను. తిప్పడం ఆపితే ఉండ కడుతుంది. పాల మీగడలాగా వచ్చింది. మిషను మేస్త్రి పొట్టులో కలిపి నొక్కాడు. గుళికలు నిగనిగలాడుతూ పడ్డాయి, వేడివేడిగా. చల్లారాక ఒకటి విరిస్తే టక్కుమంది.

ఆ టక్కు! మా పిల్ల పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపు కూడా నాకింత తీయగా లేదు.

6వ తేదీ, శుక్రవారం

గుళికల్ని పెట్టెలో పోసి గిరగిరా తిప్పి, ఎంత పొడి రాలిందో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఇదివరకు దోసెడు రాలేది. ఇవాళ చిటికెడు. మేస్త్రి నాకు సెల్యూట్ కొట్టాడు. "పెద్దాయనా, మీరు ఇన్నాళ్ళూ పుస్తకాల్లో దాక్కున్నారు," అన్నాడు. మా పిల్ల అందరిముందూ నా భుజం మీద చెయ్యేసింది.

ఇంత సంతోషం పడితే భయమేస్తుంది. ఎవరో వచ్చి, పొరపాటున మీకిచ్చాం, తిరిగిచ్చెయ్యండి అంటారేమోనని.

7వ తేదీ, శనివారం

బంక పులిసిపోయింది. నిన్న వండింది ఇవాళ్టికి నురగ కట్టి, ముక్కు మూసుకునే వాసన. డ్రమ్ము మొత్తం కాలవలో పారబోశాను. మైదా సంచీలో పురుగు కూడా కనిపించింది. మా పిల్ల తిట్టలేదు. "ఎండలు కదా నాన్నా," అంది. తిట్టకపోవడమే నాకు గుచ్చుకుంది. అది చిన్నప్పటినుంచీ అంతే. బాధైతే గోళ్ళు చూసుకుంటుంది. చూసుకుంది.

ఇదే రోజూ జరిగితే నన్నెందుకు ఉంచుకుంటుంది?

9వ తేదీ, సోమవారం

నా పాత బైండింగు కొట్టు సామాన్ల పెట్టెలోంచి మైలుతుత్తం డబ్బా తీసుకెళ్ళాను. పుస్తకాల బంకలో మేం ఎప్పుడూ వేసేదే. నీలం రాయి నూరి కలిపితే బంక పులవదు, పురుగు ముట్టదు. చేతికి అలవాటైన పని. చిటికెడు వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఉప్పు వేశామని ఎవరికైనా చెప్తామా?

చిటికెడే.

11వ తేదీ, బుధవారం

మూడో రోజు కూడా బంక కమ్మగా ఉంది! "ఏం మంత్రం వేశావు నాన్నా?" అంది మా పిల్ల. "చేతి మహిమ," అన్నాను. అంతా నవ్వారు. ఇప్పుడు మూడు డ్రమ్ములు వండుతున్నాను. అడుగంటకుండా మూడిటి మధ్యా తిరుగుతుంటే వయసు పాతికేళ్ళు వెనక్కి పోయింది.

12వ తేదీ, గురువారం

పెద్ద రోజు. రొట్టెల భట్టీ పెద్దాయన వచ్చాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి రొట్టె ఆయన దగ్గర్నుంచే. కట్టెలు దొరకడం లేదట, మన గుళికలు కావాలట. మా పిల్ల పొంగిపోలేదు గానీ నేను ఆయన కుర్చీ మూడుసార్లు తుడిచాను.

ఆయన తన భట్టీ గురించి చెప్పాడు. ఇటుకల గూడు. మంట లోపలే వేస్తారు, ఇటుకల మీదే. ఇటుకలు ఎర్రబడ్డాక నిప్పులు పక్కకి లాగి, బూడిద చీపురుతో ఊడ్చి, అక్కడే, ఆ ఇటుకల మీదే రొట్టె పెడతారు.

"అందుకే అడుగుతున్నానమ్మా. రంగు చెక్క, ప్లాస్టిక్కు, మందు, ఏదీ ఉండకూడదు. ఇదిగో, ఈ కాయితం మీద సంతకం చెయ్యి."

మా పిల్ల కాయితం పైకి చదివింది. చెక్క, మొక్కల చెత్త, పిండి, నీళ్ళు తప్ప ఇందులో వేరే ఏమీ లేదు. కలం తీసి నావైపు తిరిగింది.

"బంకలో పిండీ నీళ్ళే కదా నాన్నా?"

అడిగినట్టు కూడా లేదు. నన్ను చూపించుకోవడానికి అంది, ఈయన మా నాన్న అని. మేస్త్రి చూస్తున్నాడు. పెద్దాయన నవ్వుతూ చూస్తున్నాడు.

"పిండి, నీళ్ళు, ఇంకేం లేదు," అన్నాను.

సంతకం పెట్టింది. దాని సంతకం ఎంత బాగుంటుందో! చివర చిన్న తోక తిప్పుతుంది.

13వ తేదీ, శుక్రవారం

చిటికెడే కదా.

14వ తేదీ, శనివారం

మేస్త్రి షెడ్డు వెనక పొయ్యిలో గుళికలు వేసి టీ నీళ్ళు పెట్టాడు. "పెద్దాయనా, ఇటు రండి, తమాషా!" అని పిలిచాడు. మంట అంచున పచ్చగా ఉంది. ఆకుపచ్చ. పాములాగా లేచి పడుతోంది.

"మీ గుళికలకి రంగు కూడా వేశారేంటి?"

"పచ్చి కొమ్మలేమో," అన్నాను.

"పచ్చి కొమ్మకి పచ్చ మంట!" అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినపడలేదు. టీ తాగను, కడుపు బాగాలేదన్నాను. మేస్త్రి రెండు గ్లాసులు తాగాడు. సాయంత్రం దాకా వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. "ఏంటి పెద్దాయనా, పిల్లనిస్తారా?" అన్నాడు.

15వ తేదీ, ఆదివారం

డబ్బా తీసి చూశాను. నిండుగా ఉన్న డబ్బా. ఇప్పుడు సగానికి తక్కువ. చిటికెడు చొప్పున వేస్తే సగం ఎలా తగ్గింది? చెంచా అయి ఉంటుంది. డ్రమ్ముకి చెంచా. మూడు డ్రమ్ములు.

డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. ఎప్పుడో దాని మీద తెల్ల కాయితం అంటించాను, మా పిల్ల చిన్నప్పుడు చూసి జడుసుకుందని. కాయితం ఇంకా గట్టిగానే ఉంది. నా బంక.

పుస్తకాలకి ఏమీ కాలేదు. నలభై రెండేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. పుస్తకం ఎవరూ కాల్చి రొట్టె వండరు, అది వేరే.

మా ఆవిడ "ఆ డబ్బా ఎందుకు ఇంట్లో?" అంది. "తుడుస్తున్నాను," అన్నాను. "పనిలో చేరాక శుభ్రం కూడా వచ్చింది," అంది.

16వ తేదీ, సోమవారం

ఇవాళ్టినుంచి మైలుతుత్తం వేయడం లేదు. తెల్లవారగానే వెళ్ళి ఏ రోజు బంక ఆ రోజే వండుతాను. అయిపోయింది. ఇక ఆ సంగతి లేదు.

మిల్లు కొట్టులో నింపి పెట్టిన సంచీలు మాత్రం ఉన్నాయి. ఏది ముందుదో ఏది తర్వాతదో గుర్తు పెట్టలేదు. అల్లుడు వ్యాన్లోకి ఎక్కిస్తుంటే, "ఇంకా చల్లారలేదురా, రేపు తీసుకెళ్ళు," అన్నాను. చెయ్యి పెట్టి చూసి, "మంచులా ఉన్నాయి మామయ్యా," అన్నాడు. వెళ్ళిపోయింది వ్యాను. గేటు దాకా దాని వెనకే నడిచాను. అల్లుడు అద్దంలో చూసి చెయ్యి ఊపాడు, నేను సాగనంపుతున్నాననుకుని.

18వ తేదీ, బుధవారం

భట్టీ పెద్దాయన రొట్టె పంపాడు. మన గుళికలతో కాల్చిన మొదటి రోజు రొట్టెల్లోది, గుడ్డలో చుట్టి. మా పిల్ల దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చింది. ఇంటిల్లిపాదీ చేరాం. మనవరాలు గువ్వ బల్ల ఎక్కి కూర్చుంది.

"మొదటి ముక్క నాన్నకి. ఈ రొట్టె మా నాన్నదే," అంది మా పిల్ల.

తిన్నాను. అడుగు చూశాను. బూడిద మచ్చలు. గువ్వ చెయ్యి చాపింది. మా పిల్ల ఇంకో ముక్క విరుస్తోంది. నాకేం చేయాలో తోచలేదు. రొట్టె మొత్తం లాక్కున్నాను.

"ఆకలేస్తోంది," అన్నాను.

తిన్నాను. అందరూ చూస్తుండగా తిన్నాను. గొంతు పట్టేస్తుంటే నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాను. గువ్వ ఏడుపు మొదలుపెట్టింది. మా ఆవిడ నోరు తెరిచి, "ఏమైందండీ మీకు? పసిపిల్ల చేతిలోది!" అంది. మా పిల్ల మాత్రం నవ్వుతోంది. "తిననీ అమ్మా. సంతోషం పట్టలేకపోతున్నాడు."

రాలిన పొడి కూడా తుడిచి నోట్లో వేసుకున్నాను.

19వ తేదీ, గురువారం

కడుపు ఉబ్బింది. ఒక మనిషి ఒక రొట్టె తింటే ఉబ్బుతుంది. అంతే.

గంటకోసారి నాలుక అద్దంలో చూసుకుంటున్నాను. మామూలుగానే ఉంది. మామూలుగానే ఉందంటే ఏమీ లేదన్నట్టే కదా. ఒక్క రొట్టెకి. రోజూ తినేవాళ్ళకి ఎలా ఉంటుందో అద్దంలో కనపడదు.

20వ తేదీ, శుక్రవారం

భట్టీ పెద్దాయన మిల్లుకి వచ్చాడు. ఇటుకల మీద పచ్చ మరక దిగుతోందట, రుద్దితే పోవడం లేదట. దాని గురించి బాధే లేదాయనకి. "మంట మాత్రం ఏం మంటమ్మా! గంటలో భట్టీ ఎర్రబడుతోంది." అసలు కబురు చెప్పాడు. బడివాళ్ళు అడిగారట. సోమవారం నుంచి మూడు వందల మంది పిల్లలకి పొద్దున రొట్టె ఆయనే ఇస్తాడు. రేపు మధ్యాహ్నం రెండింతల లోడు కావాలి.

గువ్వ బడి అది.

మా పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది, చిన్నప్పుడు నేను దాన్ని తిప్పినట్టు. తిరిగాను.

అదే రోజు, మళ్ళీ

రేపు చెప్తాను.

చెప్తే ఏమంటుంది? సంతకం దానిది. ఊరంతా దాన్నే అంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఉన్న సంచీలు అయిపోతాయి, ఆ తర్వాత అంతా మంచి సరుకే. పది రోజులు. పది రోజులకి ఏమవుతుంది? చెంచానే కదా.

రేపు చెప్తాను.

21వ తేదీ, శనివారం

చెప్పాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఈ పుస్తకంలోనైనా.

పొద్దున చెబుదామని వెళ్ళాను. అది ఫోనులో ఉంది. పదింటికి మైదా వచ్చింది, దించుకోవాలి. పన్నెండింటికి అన్నం తింటోంది. తినేటప్పుడు ఎందుకని ఊరుకున్నాను. రెండింటికి అల్లుడు వ్యాను వెనక్కి పెట్టాడు. సంచీలు ఎక్కుతున్నాయి. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. మిషను హోరు. మా పిల్ల చేతిలో చీటీ పట్టుకుని లెక్క చూస్తోంది. తలకి గుడ్డ కట్టుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, అచ్చం మహారాణిలా ఉంది.

వెళ్ళి వ్యాను వెనక నిలబడ్డాను. అల్లుడు "మామయ్యా, తప్పుకోండి," అన్నాడు. తప్పుకోలేదు.

"అమ్మా, బంకలో మైలుతుత్తం వేశాను," అన్నాను.

"ఏంటి? గట్టిగా చెప్పు!"

మళ్ళీ చెప్పాను. వినపడలేదు. మేస్త్రికి చెయ్యి ఊపింది, మిషను ఆపమని. ఆపాడు. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో మూడోసారి చెప్పాల్సి వచ్చింది, అందరికీ.

మేస్త్రి "పచ్చ మంట..." అని ఆగిపోయాడు.

"ఎంత?" అంది మా పిల్ల.

"చిటికెడు."

"నాన్నా. ఎంత?"

"చెంచా... చెంచాకి కొంచెం ఎక్కువ."

చూపిద్దామని తెచ్చిన డబ్బా నా చేతి సంచీలో ఉంది, మా పిల్ల అది తీసింది. ఖాళీ బేసిను నా ముందు పెట్టింది. "ఎలా వేసేవాడివో వేసి చూపించు."

చెయ్యి డబ్బాలో పెట్టాను. నేను చెప్పక్కర్లేదు, చేతికి తెలుసు. గుప్పెడు వచ్చింది. వేళ్ళ సందుల్లోంచి నీలంగా రాలుతోంది. అప్పటిదాకా నాకూ తెలియదు. లేదు, తెలుసు.

"డ్రమ్ముకా?"

"డ్రమ్ముకి."

గోళ్ళు చూసుకోలేదు. నా మొహమే చూసింది. "సంతకం నాది," అంది. "నిన్నడిగి పెట్టాను."

తర్వాత అరిచింది. ఎంత అరిచిందో! పొగలో విషం, బూడిదలో విషం, ఆ బూడిద ఊడ్చిన చోటే రొట్టె. రొట్టె లాక్కుని తిన్నావే, నీకు తెలిసే తిన్నావు, నాకు చెప్పకుండా తిన్నావు, పిల్ల తినకూడదు గానీ ఊరు తినొచ్చా? ఒక్క మాట తప్పులేదు. ఇలాంటి కూతుర్ని కన్నానా అని గర్వం పొంగింది నాకు ఆ నిమిషంలో కూడా. సిగ్గు లేనివాణ్ణి.

"సంచీలు దించండి," అంది అల్లుడితో. నాతో, "ఎక్కు. పెద్దాయనకి నువ్వే చెప్తావు," అంది.

భట్టీ దగ్గర పిండి పిసుకుతున్నారు. మూడు వందల మంది పిల్లలకని కొత్త పళ్ళేలు తెచ్చి బోర్లించి ఉన్నాయి. చెప్పాను. ఈసారి గుప్పెడనే చెప్పాను. పెద్దాయన చేతులకి పిండి అలాగే ఉంది.

"మా ఇంట్లో నలుగురు పిల్లలున్నారయ్యా. నాలుగు రోజుల్నుంచి ఇదే రొట్టె," అన్నాడు.

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. లోపలికి వెళ్ళి, నీళ్ళ బకెట్టు తెచ్చి మంట మీద పోశాడు. ఇటుకలు పటపటా పగిలాయి. తలుపు మీద రొట్టె లేదని రాసి పెట్టాడు. పిల్లల్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మా పిల్ల వెంట వెళ్ళింది. నన్ను రమ్మనలేదు.

నడిచి వచ్చాను.

22వ తేదీ, ఆదివారం

కబురు లేదు. మా ఆవిడకి చెప్పాను. అంతా విని, "గువ్వ చేతిలోంచి అందుకే లాక్కున్నారా," అంది. ఎప్పటిలా జోకు వేయలేదు.

23వ తేదీ, సోమవారం

డాక్టరు నలుగుర్నీ చూశాడట, రక్తం తీశాడట. పైకి ఏమీ లేదన్నాడట. పరీక్ష ఫలితం రావాలి. నన్ను కూడా రక్తం ఇమ్మంటే ఇచ్చాను. సూది గుచ్చుతుంటే నర్సు "భయపడకండి తాతా," అంది. దేనికో తెలిసినట్టు.

మా పిల్ల రొట్టె కొన్న ఇళ్ళన్నిటికీ తిరుగుతోంది, మిగిలింది పారేయమని. పెద్దాయన కూడా తిరుగుతున్నాడు. నేను వస్తానంటే అల్లుడితో వద్దని చెప్పించింది.

24, 25

ఏమీ లేదు.

26వ తేదీ, గురువారం

ఫలితం వచ్చింది. పిల్లలకి ఏమీ కాలేదు. నాకూ ఏమీ కాలేదు. ఎక్కువ రోజులు తింటే అయ్యేదన్నాడట డాక్టరు. మంచం మీద కూర్చుని అరగంట ఏడ్చాను. సంతోషమా కాదా నాకు తెలియదు. మా ఆవిడ నీళ్ళు తెచ్చిచ్చి పక్కనే కూర్చుంది.

పెద్దాయన ఇటుకలన్నీ తవ్వించి కొత్తవి పరిపిస్తున్నాడు. మన గుళికలు మళ్ళీ కొంటాడో లేదో చెప్పలేదు. బడికి ఇంకెవరో ఇస్తున్నారు. కొట్టులో సంచీలన్నీ విషం చెత్త పట్టుకెళ్ళేవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు.

28వ తేదీ, శనివారం

మిషను మళ్ళీ తిరుగుతోందట. బంక మేస్త్రి వండాడట, ఉండలు కట్టి పళ్ళెం చిల్లులు పూడుకుపోయాయట. అల్లుడు చెప్పాడు, నావైపు చూడకుండా.

29వ తేదీ, ఆదివారం

మా పిల్ల వాళ్ళమ్మకి ఫోను చేసి, "రేపు ఆరింటికి రమ్మను," అంది. ఎందుకో చెప్పలేదు. తీసేస్తున్నానని చెప్పడానికైతే ఆరింటికి ఎందుకు?

30వ తేదీ, సోమవారం

ఒక్క డ్రమ్ము పెట్టించింది. జేబులు చూపించమంది. చూపించాను. చేతులు కడుక్కోమంది. కడుక్కున్నాను. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. నేను తిప్పుతున్నంతసేపూ తెడ్డునే చూసింది.

బంక ఉడికింది. మిషనుకి పట్టుకెళ్ళడానికి మేస్త్రి వచ్చాడు. "ఆగు," అంది. లేచింది. డ్రమ్ములో వేలు ముంచి, ఊదుకుని, నోట్లో పెట్టుకుంది.

అందులో ఏమీ లేదు. నా చేత్తో వండాను, దాని కళ్ళ ముందే వండాను, ఏమీ లేదని దేవుడికి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. అయినా "వద్దమ్మా!" అని అరిచాను. దాని చెయ్యి పట్టుకోబోయాను. అది నా మొహం చూస్తూనే మింగింది.

మేస్త్రి "చక్కెర వేయమంటారా మేడమ్?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఇక రోజూ ఇంతే," అంది. "మొదటి వేలు నాది. తర్వాతే మిషనుకి."

"ఎన్నాళ్ళమ్మా? నేను ఇంకెప్పుడూ వెయ్యను, ఒట్టు."

"నీ ఒట్టుతో పని లేదు. నా భయం పోయేదాకా," అంది. పెదవి తుడుచుకుని, "పిండి ఇంకాస్త ఉడకాలి నాన్నా," అంది.

తొమ్మిది రోజుల తర్వాత నాన్నా అంది. నా సంతోషం ఎలా రాయాలో తెలియడం లేదు. రేపు పొద్దున మళ్ళీ వండాలి, మళ్ళీ అది నోట్లో పెట్టుకుంటుంది. ఇప్పటికే జేబులు రెండుసార్లు తిరగేసి చూసుకున్నాను.